అక్క సైకిల్ బట్టల జాబితా

గ్వెల్ఫ్‌లో మేమున్న ఇంటి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ మూత మీద ఒక కాగితం అంటించి ఉండేది. అది నా పనే. ఇంట్లో ఏడుగురం, వారానికి ఏడు రోజులు, మనిషికో రోజు. వారానికి ఏడు లోడ్లకు మించొద్దని ఇంటాయన చెప్పాక, గొడవలు రాకుండా నేను గీసిన పట్టిక అది. అందులో అక్కకు శనివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు పడింది. ఆ ఒక్క గడి అక్కను ఎంత ఇబ్బంది పెట్టిందో తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మన ఊళ్ల నుంచి ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగిపోయిన రోజులవి. ఏ ఇంట్లో చూసినా పైన నలుగురు, కింద ముగ్గురు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే వీధి మలుపు దాకా లైను. బస్సు రెండు స్టాపులు దాటేసరికి నిండిపోయి మూడో స్టాపులో ఆగకుండా వెళ్లిపోయేది. నేను అంతకు రెండేళ్ల ముందు వచ్చి, మెకానికల్‌లో మాస్టర్స్ ముగించి, కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో కుదురుకున్నాను. పొద్దుణ్ణుంచి కొలవడం, రాయడం, కొలతకు రాని ముక్కను ఎర్ర డబ్బాలో వేయడం. సాయంత్రానికి కళ్లు మండేవి.

అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. కాకినాడలో రక్తపరీక్షల ల్యాబ్‌లో ఏడేళ్లు పనిచేసి, ముప్పై ఒకటో ఏట మళ్లీ పుస్తకాలు పట్టుకుని ఇక్కడికి వచ్చింది. ఆహార పదార్థాల నాణ్యత మీద డిప్లొమా. ఆఖరి టర్ములో పదహారు వారాలు బయట ఏదో ఒక కంపెనీలో పనిచేయాలి, దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. అది పూర్తిచేస్తేనే డిప్లొమా, డిప్లొమా ఉంటేనే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయడం. క్లాసులో సగం మందికి ప్లేస్‌మెంట్ దొరకనే లేదు. అక్కకు దొరికింది. ఊరికి దక్షిణం చివర, పారిశ్రామికవాడలో, సూపులూ సాసులూ తయారుచేసే చోట చిన్న ల్యాబ్. షిఫ్టు పొద్దున ఆరున్నరకు మొదలు. మొదటి బస్సు అక్కడికి చేరేది ఏడూ ఐదుకి.

ఆ ముప్పై ఐదు నిమిషాలను ఎలా పూడ్చాలా అని ఇంట్లో కూర్చుని లెక్కలు వేశాం. అక్కకు ఇక్కడి లైసెన్స్ లేదు. డ్రైవింగ్ టెస్టుకు దొరికిన తేదీ ఆగస్టులో. మా ఇంట్లో కారున్నది ఒక్క కరీంనగర్ అబ్బాయికే. అతనికి ఎటోబికోలో ఒక గోదాములో రాత్రి షిఫ్టు, ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. నన్ను తీసుకెళ్లే సహోద్యోగి కారు వెళ్లేది ఉత్తరం వైపు. చివరికి మిగిలింది సైకిల్. ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నది దాటాక ఒక ఎత్తు, ఆ తర్వాత అంతా చదును.

అక్క చివరిసారి సైకిల్ తొక్కింది తొమ్మిదో తరగతిలో. చున్నీ నడుముకు కట్టుకుని, క్యారియర్ మీద సంచి పెట్టుకుని బడికి వెళ్లేది. "తొక్కడం మర్చిపోతారా ఎవరైనా" అని తేలిగ్గా తీసేసింది. నిజంగానే మర్చిపోలేదు. మర్చిపోయింది మిగతావన్నీ. పదిహేనేళ్ల పిల్ల ఒంటికీ ముప్పై దాటిన ఒంటికీ తేడా ఉంటుందని, బడి కిలోమీటరున్నర దూరమేనని.

మే మొదటి వారంలో పని మొదలైంది. రెండో రోజే కుర్తీ పక్క చీలిక వెనక చక్రంలో ఇరుక్కుంది. విడదీయబోతే చైను ఊడింది. చైను ఎక్కించుకుని వెళ్లేసరికి ఆరూ యాభై. నాలుగో రోజు జీన్స్ వేసుకుంది. దారిలో వాన పట్టుకుంది. తడిసిన జీన్స్ ఎత్తు మీద మోకాళ్లను పట్టేసిందట, దిగి నడిచింది. ఏడు దాటింది. సూపర్‌వైజర్ మర్యాదగానే మాట్లాడిందట. మూడోసారి ఆలస్యమైతే కాలేజీకి మెయిల్ పెట్టాల్సి ఉంటుందని, అది తన చేతిలో లేదని చెప్పింది. మెయిల్ వెళ్తే ప్లేస్‌మెంట్ ఆగిపోయినట్టే. ఆ ముక్క అక్క ఇంటికొచ్చి చెప్పుల గూటి దగ్గర నిలబడే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. అలసిపోయి ఉంటుంది, కూర్చుంటే మళ్లీ లేవలేననుకుంటోంది అనుకున్నాను.

ఊళ్లో ఒక షెడ్డు ఉంది. అక్కడ కొందరు స్వచ్ఛందంగా పాత సైకిళ్లు బాగుచేసి ఇస్తుంటారు. అక్క సైకిల్ అక్కడిదే. సైకిల్ బట్టల సంగతి కూడా వాళ్లనే అడగొచ్చని ఎవరో చెప్పారు. కానీ షెడ్డు తెరిచేది శనివారం పొద్దున మాత్రమే. అక్కకు అది బట్టలుతికే వేళ. ఆ గడి దాటితే మళ్లీ వారం దాకా ఆగాలి.

"నువ్వే వెళ్లిరా. నాకన్నా నువ్వే బాగా చూస్తావు, ఎలాగూ లిస్టు రాస్తావుగా" అంది.

నేనే వెళ్లాను. షెడ్డులో తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ ఉంది. నలభై ఏళ్లుగా సైకిల్ మీదే తిరుగుతోందట. నేను నోటుబుక్కు తీయడం చూసి, చేతిలోని స్పానర్ కింద పెట్టి, బడిలో డిక్టేషన్ చెప్పినట్టు మొదలుపెట్టింది. ఎవరికి అని అడిగింది. మా అక్కకు అన్నాను. అయితే ఆమెనే తీసుకురావాల్సింది అంది. వీలుపడలేదన్నాను.

ఆవిడ చెప్పింది పదకొండు అంశాలుగా రాసుకున్నాను. జీన్స్ పనికిరాదు, దాని కుట్లన్నీ వచ్చి కలిసేది సరిగ్గా బరువు పడే చోట. కాటన్ లెగ్గింగ్స్ చెమట తాగి అతుక్కుంటాయి, రాపిడి పెరుగుతుంది. కుర్తీ వేసుకుంటే నడుము కిందికి జానెడే ఉండాలి, పక్క చీలికలు ఎగరకూడదు. నాలుగోది ఒంటి పైభాగంలో లోపల వేసుకునేదాని గురించి. అది రాసుకోకుండా "పైన: తనకే తెలుసు" అని మాత్రం రాశాను. ఐదోది ముఖ్యమైనది. లోపల ప్యాడ్ కుట్టిన షార్ట్స్, అదీ ఆడవాళ్ల కోసం చేసినదే కొనాలి, ఎందుకంటే కూర్చునే ఎముకల మధ్య దూరం మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటి కాదు. ఆరు, ఆ షార్ట్స్ ఒక్కటే వేసుకోవడం ఇష్టం లేకపోతే పైన పల్చటి వదులు ప్యాంటు వేసుకోవచ్చు, కుడి చీలమండ దగ్గర దాన్ని ఒక పట్టీతో బిగిస్తే చైనుకు తగలదు. ఏడు, జాకెట్ వెనక భాగం పొడవుగా ఉండాలి, రంగు దూరానికి కనిపించాలి.

ఎనిమిదోది ఆవిడ గొంతు ఏమాత్రం తగ్గించకుండా చెప్పింది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కింద ఇంకేమీ వేసుకోకూడదు. ఒంటికి నేరుగా తగిలేలా కుట్టినదే ఆ ప్యాడ్. లోపల ఇంకొక గుడ్డ ఉంటే దాని అంచులు ఒరుసుకుని పుండ్లు పడతాయి. చాలామంది చేసే తప్పు అదే, మీ అక్కకు తప్పక చెప్పు అంది. పక్కన టైరు ఊడదీస్తున్న మనిషి తలెత్తి కూడా చూడలేదు. నేను మాత్రం నోటుబుక్కులోకి బాగా వంగి, ఎంతో చిన్న అక్షరాలతో రాసుకున్నాను.

తొమ్మిది, వేడికి ప్యాడ్ పాడవుతుంది కాబట్టి డ్రయ్యర్‌లో వేయకూడదు. పది, చేతులకు గ్లవ్స్. పదకొండు, పని దగ్గర మార్చుకోవడానికి ఒక జత.

షెడ్డు నుంచి తిన్నగా దుకాణానికి వెళ్లాను. సైజు కోసం అక్క పాత జీన్స్ లేబుల్ ఫోటో తీసి పెట్టుకున్నాను. షార్ట్స్ బిగుతుగా కనిపించాయి. ఆ బిగుతు చూసి అక్క వేసుకోదేమో అనిపించింది. ఒక సైజు పెద్దది తీసుకున్నాను. వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది కదా అనుకున్నాను. అక్కడ ఎవరినైనా అడిగితే కాదని చెప్పేవాళ్లు. అడగలేదు.

ఇంటికొచ్చి జాబితాను మంచి కాగితం మీద తిరగరాశాను. ఏడో అంశం రాశాక పెన్ను ఆగింది. ఎనిమిదోది ఎలా రాయాలో నాలుగు రకాలుగా అనుకుని చూశాను. తెలుగులో మరీ మొరటుగా ఉంది. ఇంగ్లీషులో డాక్టరు చీటీలా ఉంది. మా ఇంట్లో అక్క లోదుస్తులు ఎక్కడ ఆరతాయో నాకు ఇరవై ఆరేళ్లొచ్చినా తెలియదు. దండెం మీద చీర కింద ఏదో దాగి ఉంటుందని, అటు వెళ్లకూడదని మాత్రం తెలుసు. అలాంటి అక్కకు ఈ మాట నేను రాసివ్వాలా? దుకాణంవాళ్లే లోపల ఎక్కడో రాసి ఉంటారులే అనుకున్నాను. ఎనిమిదో అంశం వదిలేశాను. తొమ్మిదిని ఎనిమిది చేశాను, పదిని తొమ్మిది, పదకొండును పది. వరసలో ఖాళీ కనిపించకూడదని అంకెలన్నీ సరిచేశాను.

ఫ్యాక్టరీలో ఒక కొలత తీయకుండా వదిలేసి, కాగితం మాత్రం నిండుగా కనిపించేలా చేస్తే దాన్ని ఏమంటారో నాకు తెలుసు. ఆ రోజు ఆ ఆలోచన రాలేదు. పని అయిపోయిందన్న నిశ్చింతతో పడుకున్నాను.

అక్క జాబితా చదివి నవ్వింది. "పైన: తనకే తెలుసు అంటే ఏంట్రా?" అని అడిగి, నా మొహం చూసి వదిలేసింది. షార్ట్స్ కవరు విప్పకుండానే లోపలికి తీసుకెళ్లింది.

ఆ తర్వాత రెండు వారాలు ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. రోజూ చేరగానే ఫోన్‌కి ఒక్క మాట పంపేది, "చేరాను" అని. ఆ మాట వచ్చిన సమయం, అక్క ఇంట్లోంచి బయల్దేరిన సమయం పక్కపక్కన రాసుకునేవాణ్ని. మొదట్లో నలభై నిమిషాలు పట్టేది. తర్వాత నలభై ఆరు. ఆ తర్వాత యాభై మూడు. అలవాటు పడుతున్నకొద్దీ తగ్గాల్సింది పెరుగుతోంది. ఎదురుగాలి అనుకుని వాతావరణం చూశాను. గాలి లేదు. చైనుకు నూనె పెట్టాను. టైర్లలో గాలి కొలిచాను. బ్రేకు చక్రానికి రాసుకుంటోందేమోనని సైకిల్‌ను తలకిందులు చేసి తిప్పి చూశాను. చక్రం హాయిగా తిరిగింది.

అక్క ఐదూ నలభైకి బదులు ఐదున్నరకు, తర్వాత ఐదుంబావుకు బయల్దేరడం మొదలుపెట్టింది. కంచం చేత్తో పట్టుకుని వంటగట్టు దగ్గర నిలబడి అన్నం తినేది. బేస్‌మెంట్‌లో తనతో గది పంచుకునే అమ్మాయి, అక్క ఈమధ్య బోర్లా పడుకుంటోంది, అంకుల్‌లాగా గురక కూడా పెడుతోంది అని చెప్పి నవ్వింది. ఇవన్నీ నాకు తెలుసు. సైకిల్ గురించి తెలిసినవి ఒక వైపు, అక్క గురించి తెలిసినవి ఒక వైపు రాసుకున్నట్టుగా తెలుసు. రెంటినీ కలిపి చూడలేదు. ఆ వారాల్లో నాకు ఓవర్‌టైమ్ ఉండేది. ఇంటికొచ్చి వంట చేసి, గిన్నెలు తోమి, మంచం చేరేసరికి ఇంకేదీ కలిపి చూసే ఓపిక ఉండేది కాదు. అయితే ఓపిక లేకపోవడం ఒక్కటే కారణం అంటే నిజం కాదు.

మే నెలలో వచ్చే లాంగ్ వీకెండ్‌కు ముందటి శుక్రవారం మా ఫ్యాక్టరీలో తొందరగా వదిలేశారు. సహోద్యోగికి దక్షిణం వైపు ఏదో పనుండి కారు అటు తిప్పితే, నది వంతెన దాటాక, పసుపు జాకెట్ వేసుకుని ఎవరో సైకిల్ నడిపించుకుంటూ వెళ్లడం కనిపించింది. అడుగులు ఎడంగా వేస్తూ, బురదలో నడుస్తున్నట్టు నడుస్తోంది. జాకెట్ వెనక భాగం పొడవుగా ఉంది. ఏడో అంశం. కారు ఆపించి దిగాను.

"టైర్‌లో గాలి పోయిందా?" అన్నాను. మొదట నోట్లోంచి వచ్చింది అదే.

"టైర్ బానే ఉందిరా" అంది అక్క. ఆగలేదు, నడుస్తూనే ఉంది. "నేనే ఎక్కలేకపోతున్నాను."

సైకిల్ నేను తీసుకున్నాను. ల్యాబ్ దగ్గర్నుంచి ఇక్కడి దాకా నడిచే వచ్చిందట. ఆ రోజు పొద్దున మాత్రం పెడల్స్ మీద నిలబడి తొక్కుకుంటూ వెళ్లింది. ఆరూ ఇరవై ఎనిమిదికి లోపల అడుగుపెట్టింది. రెండు నిమిషాలు మిగిలాయి. సోమవారం కూడా సెలవు కాబట్టి బతికిపోయానంది. మంగళవారానికి తగ్గకపోతే నాలుగింటికే లేచి నడిచి వెళ్తానంది. నాలుగూ నలభైకి బయల్దేరినా సరిపోతుందని లెక్క నా తలలోకి దానంతటదే వచ్చింది. నోరు మూసుకున్నాను.

రోడ్డు పక్కన మంచు కరిగి కొట్టుకొచ్చిన ఇసుక ఇంకా అలాగే ఉంది. సైకిల్ చక్రం దాని మీద గరగరమంది. ఇప్పుడు చెప్పకపోతే మంగళవారం పోతుంది, మంగళవారం పోతే పదహారు వారాలూ పోతాయి. అది నాకు స్పష్టంగా ఉంది. అక్క మొహం చూడకుండా, హ్యాండిల్ చూస్తూ అన్నాను.

"అక్కా, ఆ జాబితాలో ఒకటి రాయలేదు నేను."

"ఎనిమిదోదా?"

ఆగిపోయాను.

"నీ నోటుబుక్కు ఎప్పుడూ ఫ్రిజ్ మీదేగా పడుంటుంది. నాకిచ్చిన దాన్లో పదున్నాయి, అందులో పదకొండున్నాయి. ఏది తగ్గిందో చూడనా?" అంది. "పైగా ఆ షార్ట్స్ లోపల లేబుల్ మీద చెడ్డీ బొమ్మేసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి మరీ చూపించాడు. చదువు రానోడిక్కూడా అర్థమవుద్ది."

"మరి తెలిసి కూడా..."

"ఒక్కటే కొన్నావురా నువ్వు. కింద ఏమీ లేకుండా వేసుకుంటే దాన్ని రోజూ ఉతకాలి. నీ పట్టికలో నాకు శనివారం రాసిచ్చావు. పోనీ బాత్రూమ్‌లో చేత్తో పిండుకుంటాను, ఎక్కడ ఆరేయను? డ్రయ్యర్‌లో వద్దని నువ్వే రాశావు. నా గదికి కిటికీ తెరుచుకోదు, తువ్వాలు ఆరడానికే రెండ్రోజులు. బయట తాడు కడితే ఇంటాయన ఊరుకోడు. ఇంక మెషీన్ పక్కన ఆరేయాలి, మీ మగపిల్లలు ఐదుగురూ వచ్చీపోయే దారిలో. ఆరేయమంటావా?"

అందుకని లోపల రోజుకొకటి మార్చుకుంటూ, పైన ఆ ఒక్క షార్ట్స్‌నే శనివారం దాకా నెట్టుకొచ్చింది. నొప్పి పుడుతుందని తెలిసే వేసుకుంది. రెండు వారాలు.

"చెప్పొచ్చు కదా" అన్నాను.

"నువ్వు రాయొచ్చు కదా" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. చాలా అలసిన గొంతుతో, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పినట్టుగా అంది. ఇల్లు చేరేదాకా ఇద్దరం అదే వేగంతో నడిచాం. నేను గుడ్డ చూశాను, కుట్లు చూశాను, ఎముకల మధ్య దూరం రాసుకున్నాను. ఆ గుడ్డ తడిసాక ఎక్కడికి వెళ్తుందో ఒక్కసారి అనుకోలేదు. ఏడుగురికి సమానంగా పంచానని పట్టిక గీసినప్పుడు సంతోషపడ్డాను. సమానమే. ఆరేసుకోవడానికి సిగ్గుపడాల్సిన అవసరం లేని ఐదుగురికి, ఉన్న ఇద్దరికి ఒకే గడి.

ఆ సాయంత్రం మెషీన్ మీది కాగితం చింపుతుంటే కరీంనగర్ అబ్బాయి షిఫ్టుకు బయల్దేరుతూ చూశాడు.

"ఏమాయెనే అన్నా, చింపుతున్నవ్?"

"కొత్తది గీస్తాను" అన్నాను.

"మల్లా? నీ పెండ్లి కార్డు గూడ డబ్బాలు గీసే ఇస్తవ్ నువ్వు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, తన ఆదివారం అక్కకు రాయమన్నాడు. తను బట్టలు ఎటోబికోలోనే ఉతికించుకుంటాడట. ఏం జరిగిందని అడగలేదు. అక్క నిలబడి తినడం అతనూ చూశాడేమో.

మిగతా బట్టలకు ఆదివారం దొరికింది, షార్ట్స్ అక్క రోజూ చేత్తో పిండుకోవచ్చు, కానీ ఆరేయడానికి చోటు దొరకలేదు. ఇంట్లో ఉన్న చోట్లన్నీ రాసి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. చివరికి మిగిలింది పైన నా గది. చిన్నదే కానీ నేనొక్కణ్నే ఉంటాను, దక్షిణం వైపు కిటికీ ఉంది, తలుపుకు తాళముంది. వెళ్లి అక్కతో చెప్పాను.

"మతిపోయిందా? తమ్ముడి గదిలో అవి ఆరేసుకుంటానా?" అంది.

కిటికీ దగ్గర మూలకు తాడు కడతానన్నాను. దానికి అడ్డంగా దుప్పటి వేలాడదీస్తానన్నాను. రెండో తాళంచెవి తన దగ్గరే ఉంచుకోమన్నాను. నేను ఇంటికొచ్చేది ఆరింటికి, అక్క వచ్చేది మూడున్నరకు, మధ్యలో రెండున్నర గంటలు గది ఖాళీ. రెండు షార్ట్స్ ఉంటే ఒకటి ఆరుతుండగా ఒకటి వేసుకోవచ్చు. అక్క గోడకు ఆనుకుని నిలబడి అంతా వింది.

"దుప్పటి పల్చగా ఉండకూడదు" అంది చివరికి.

"నా చలికాలం దుప్పటి."

"నువ్వు ఆ మూలకు పోకూడదు."

"పోను."

మర్నాడు శనివారం. మొదటిసారి అక్క బట్టలు ఉతకడం మానేసి షెడ్డుకు వచ్చింది, బస్సులో నిలబడి. నేను సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను. తెల్లజుట్టు ఆవిడ నన్ను చూసి, అక్కను చూసి, వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ఇరవై ఐదు నిమిషాలు. నేను బయట నిలబడి ఎవరిదో పాత సైకిల్ బ్రేకు వైరు సరిచేశాను. లోపల్నుంచి అక్క నవ్వు ఒకసారి వినిపించింది. ఇంగ్లీషులో ఎప్పుడూ తడబడే అక్క ఆపకుండా మాట్లాడుతోంది. నేను అడగలేనివి, నాకు చెప్పలేనివి ఎన్ని ఉన్నాయో ఆ ఇరవై ఐదు నిమిషాల పొడవును బట్టి తెలిసింది.

బయటికొచ్చాక ఆవిడ సీటు మార్చింది. ముందుదానికంటే వెడల్పు, మధ్యలో గాడి ఉన్నది. ముందు కొన కాస్త కిందికి వంచింది. నేను కొన్న షార్ట్స్ ఒక సైజు పెద్దదని, తొక్కుతున్నప్పుడు ప్యాడ్ జరిగి ముడతపడుతోందని నాతో చెప్పింది. ఆ ముడత మీదే అక్క రోజుకు పదిహేడు కిలోమీటర్లు కూర్చుంది. వదులుగా ఉంటే హాయి అని ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నానన్నాను. ఆవిడ తలాడించి స్పానర్ అందుకుంది.

దుకాణంలోకి అక్క ఒక్కతే వెళ్లింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. రెండు కవర్లతో తిరిగొచ్చింది. ఏం కొన్నదో నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం నుంచి సోమవారం రాత్రి దాకా బోర్లా పడుకుని, ల్యాబ్‌లో ఏడేళ్లు పనిచేసిన మనిషి కాబట్టి ఏం రాసుకోవాలో తనే చూసుకుంటూ, లేచినప్పుడు నేను చేసిన పప్పుచారు బాగోలేదని చెబుతూ గడిపింది.

అక్క ఆగస్టు చివరిదాకా ఆ సైకిల్ మీదే వెళ్లింది. పదహారు వారాలూ పూర్తయ్యాయి. డిప్లొమా వచ్చింది, ఎడ్మంటన్‌లో పాల పదార్థాల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ వేసవంతా నా గది మూలలో దుప్పటి వేలాడింది. దాని వెనక్కి నేను వెళ్లలేదు. ఒక్కోసారి రాత్రి తెరిచిన కిటికీలోంచి గాలి వీస్తే సబ్బు వాసన వచ్చేది. దానికీ అలవాటుపడ్డాను. అలసట మాత్రం ఇద్దరికీ అలాగే ఉంది. సీటు మారినంత మాత్రాన ఐదింటికి లేవడం తప్పుతుందా.

కానీ నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నది లాంగ్ వీకెండ్ తర్వాతి మంగళవారం. అక్క ఐదూ నలభైకి బయల్దేరింది. పూర్తిగా తగ్గలేదని, అయినా కూర్చోగలుగుతున్నానని మెట్ల దగ్గర చెప్పింది. నేను వంటగట్టు దగ్గర టీ పెట్టుకుని ఫోన్ ముందు పెట్టుకున్నాను. ఆరూ పది అయింది. ఆరూ పదిహేను. ఎత్తు దగ్గర దిగి నడుస్తోందేమో అనుకున్నాను. నడిస్తే ఎన్ని నిమిషాలు పోతాయో లెక్కవేశాను. ఆరూ ఇరవై. టీ మీద మీగడ కట్టింది. నన్ను తీసుకెళ్లే కారు బయట హారన్ కొట్టింది. లేవలేదు.

ఆరూ ఇరవై ఒకటికి ఫోన్ వెలిగింది.

"చేరాను."

దాని కింద మరో రెండు వాక్యాలు వచ్చాయి. "తాడు మీద రాత్రి వేసింది ఆరిందో లేదో చూడు. వద్దులే, నువ్వు చూడకు, నేనొచ్చి చూసుకుంటా."

చల్లారిన టీ తాగేసి, గదికి తాళం వేసి బయటికి నడిచాను.